డోర్ బీడింగ్‌కి ఏం పట్టించాలి, ఏం పట్టించకూడదు: మూడు రకాలు, మూడు చోట్లు

నమస్తే అండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. బెజవాడ ఎండలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బయట నిలబెట్టిన కారులో ముందుగా దెబ్బతినేది రబ్బరు. డోర్ చుట్టూ ఉండే బీడింగ్, అద్దం కింద నల్ల పట్టీ, అద్దం దిగే గాడి... వీటికి ఏం వాడాలన్నదే ఈ వీడియో. సిలికోన్ గ్రీజు, సిలికోన్ స్ప్రే, ఎండలోని యూవీ కిరణాల నుంచి కాపాడే, నీళ్ళతో చేసిన యూవీ ప్రొటెక్టెంట్, ఈ మూడూ బల్ల మీద పెట్టాం. ఒక మాట ముందే చెప్పేస్తున్నాం: నల్లగా మెరవడం వేరు, రబ్బరు బతకడం వేరు.

కొనే ముందు మీ రబ్బరు బతికుందో లేదో చూసుకోవాలి. ఈ వెనక డోర్ పై మూల చూడండి. తమ్ముడూ, కెమెరా ఇంకాస్త దగ్గరికి పెట్టు. బీడింగ్ లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే గుండ్రంగా పైకి లేవాలి. కింద భాగం చూడండి, నొక్కగానే లేచింది. పై మూలలో మాత్రం అణిగింది అణిగినట్టే ఉండిపోయింది, మీద సన్నటి గీతల్లా పగుళ్ళు కూడా ఉన్నాయి. ఏళ్ళ తరబడి వేడిలో నొక్కుడు పడి ఆకారం పోయింది. దీన్నే కంప్రెషన్ సెట్ అంటారు. ఇలా అయిపోయిన దాన్ని ఏ గ్రీజూ తిరిగి లేపదు. ‘పాత రబ్బరు కొత్తదైపోతుంది’ అని సీసా మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా నమ్మకండి.

ఇంకో పరీక్ష. ఒక కాగితం ముక్క డోర్‌కీ బాడీకీ మధ్య పెట్టి డోర్ వేసి లాగండి. బిగువుగా, పట్టి పట్టి రావాలి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ సీలు పట్టడం లేదన్నమాట. హైవే ఎక్కాక గాలి హోరు వినిపించేదీ, వానలో నీళ్ళు కారేదీ అక్కడే. డోర్ చుట్టూ జానెడు జానెడు దూరంలో పెట్టి చూడండి.

ఇప్పుడు రబ్బరు సంగతి. ఇప్పటి కార్లలో డోర్ బీడింగ్ ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. ఎండకీ, ఓజోన్‌కీ, నీళ్ళకీ బాగా తట్టుకుంటుంది. దానికి పడనిది పెట్రోలియం నూనె. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, మామూలు గ్రీజు, వాజలీన్, ఏది తగిలినా ఆ నూనెను పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పట్టు పోతుంది. రాసిన రోజు నిగనిగలాడుతుంది కాబట్టి మంచే జరిగిందనుకుంటాం. వాటర్ సర్వీసింగ్‌లో చివర డీజిలు కొట్టే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉంది. దయచేసి రబ్బర్ల మీద పడనివ్వకండి, ముందే చెప్పి ఆపించండి. డబ్ల్యూడీ-40 మామూలు డబ్బా కూడా ఈ పనికి కాదు. ఆ పేరుకి అర్థమే ‘నీటిని తరిమే నలభయ్యో ఫార్ములా’, అందులో ఉండేది పెట్రోలియం ద్రవమే. ఆ కంపెనీయే సిలికోన్ స్ప్రే విడిగా అమ్ముతోంది, కావాలంటే అది తీసుకోండి. కొబ్బరి నూనె రాసేవాళ్ళూ ఉన్నారు. నాలుగు రోజులకి దుమ్ము అంటుకుని జిడ్డు కడుతుంది, తర్వాత ముక్క వాసన.

మొదటిది సిలికోన్ గ్రీజు. హోండా వాళ్ళు డోర్ రబ్బర్ల కోసం ఇచ్చే షిన్-ఎట్సు గ్రీజు ఈ రకమే, 100 గ్రాముల ట్యూబులో వస్తుంది. సిలికోన్ నూనె ఈపీడీఎంని ఉబ్బించదు. ఎండకి కరిగి కారిపోదు, నీళ్ళకి తేలిగ్గా కొట్టుకుపోదు. డోర్ బీడింగ్‌కి, డిక్కీ బీడింగ్‌కి దీనికి మించింది లేదనే మా అభిప్రాయం. ఒక్కటే కొనగలమంటే ఇదే కొనండి. గతుకుల రోడ్డు మీద డోర్ దగ్గర కిర్రు కిర్రుమనే చప్పుడు ఎండిన రబ్బరు రాపిడిది అయితే, ఇది పట్టించగానే ఆగిపోతుంది.

పట్టించే ముందు శుభ్రం చేయడం అసలు పని. కారు షాంపూ నీళ్ళలో గుడ్డ ముంచి తుడవండి. మురికి గట్టిగా ఉంటే ఆల్ పర్పస్ క్లీనర్ ఒక వంతుకి నీళ్ళు పది వంతులు కలిపి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దండి. గుడ్డకి నలుపు కాస్త అంటుతుంది, అది చచ్చిన పైపొర, కంగారు పడక్కర్లేదు. తడిపి పిండిన గుడ్డతో రెండుసార్లు తుడిచి, నీడలో పావుగంట ఆరనివ్వండి. మడతల్లో తడి ఉంటే గ్రీజు పట్టదు. ఆరాక శనగగింజంత గ్రీజు వేలి మీద తీసుకుంటే మూరెడు పొడవు వస్తుంది. గ్లవుజు వేసుకుని పల్చగా పాముకుంటూ వెళ్ళండి. పది నిమిషాలాగి పొడి గుడ్డతో మిగులు తుడిచేయండి. వేలు పెడితే జారాలి గానీ తెల్లగా కనిపించకూడదు. ఎక్కువ పూస్తే దిగేటప్పుడు చీర కుచ్చిళ్ళకో ప్యాంటుకో అంటుకుంటుంది, పైగా దుమ్ము పడుతుంది. శివరాత్రి వెళ్ళాక ఒకసారి, దసరా వానలు తగ్గాక ఒకసారి, ఏడాదికి రెండు చాలు. ఆ ట్యూబు ఒక కారుకి రెండుమూడేళ్ళు వస్తుంది.

రెండోది సిలికోన్ స్ప్రే. ఇది అద్దం దిగే గాడికి మాత్రమే. ఆ గాడి లోపల మఖమలులా సన్నటి నూగు ఉంటుంది. అక్కడ గ్రీజు పెట్టారో, ఇసుక రేణువులు అందులో ఇరుక్కుని అద్దాన్ని గీస్తాయి. ఆరిపోయే రకం స్ప్రే తీసుకోండి. అద్దం పూర్తిగా దించి, సన్న గొట్టం గాడిలో పెట్టి, రెండు వైపులా పైనుంచి కిందకి ఒక్కో సెకను కొట్టండి. అద్దాన్ని నాలుగుసార్లు ఎత్తి దించండి. పవర్ విండో మెల్లగా, మూలుగుతూ ఎక్కుతుంటే మోటారు మార్చే ముందు ఈ పని చేసి చూడండి, చాలాసార్లు తప్పు గాడిదే.

స్ప్రే కొట్టేటప్పుడు ముందు అద్దం మీదా, వైపర్ రబ్బరు మీదా పడకూడదు. రాత్రి వానలో ఎదురు లైట్లు పడితే అద్దమంతా మసకగా పులుముకుపోతుంది, అది ప్రమాదం. వైపర్‌కి తడిగుడ్డ చాలు. బ్రేకు డిస్కుల దగ్గరకి అసలు వెళ్ళొద్దు. త్వరలో పెయింటింగ్ పని ఉంటే బాడీ మీద సిలికోన్ తగలనివ్వకండి, కొత్త రంగులో చేపకళ్ళలా గుంటలు పడతాయి. డబ్బాని ఎండలో ఉన్న కారులో వదిలేయకండి, అందులో మండే గ్యాసు ఉంటుంది.

మూడోది యూవీ ప్రొటెక్టెంట్. 303 ఏరోస్పేస్ ప్రొటెక్టెంట్ ఈ రకంలో బాగా తెలిసిన పేరు. నేరుగా ఎండ పడే చోట్లకి, అంటే అద్దం కింద బయటి పట్టీకి, బంపర్ నల్ల ప్లాస్టిక్‌కి ఇదే సరైనది. గుడ్డ మీద కొట్టుకుని పూయండి, వెంటనే ఇంకో పొడి గుడ్డతో పూర్తిగా ఆరేదాకా తుడవండి. దానంతటదే ఆరుతుందిలే అని వదిలేస్తే చారలు పడతాయి. దీని బలహీనత ఏమిటంటే ఎక్కువ కాలం నిలవదు. వేసవిలో నెలకోసారి వేయాల్సిందే. మెరుపు కూడా తక్కువే, అది మాకు నచ్చింది.

బయటి పట్టీ ఎంత బాగున్నా వాన నీళ్ళు కొంత డోర్ లోపలికి దిగుతాయి. కంపెనీ వాళ్ళు అలా దిగుతాయని ముందే లెక్క వేసి, డోర్ అడుగున రంధ్రాలు పెడతారు. అవి మట్టితో పూడితే నీళ్ళు లోపలే నిలిచి, డోర్ తెరిచినప్పుడు బుడబుడమంటాయి, తర్వాత తుప్పు. కేబుల్ టై ముక్కతో పొడిచి తీయండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన బండ్లు సింగ్ నగర్ వైపు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు బీడింగ్ కొంచెం ఊడదీసి లోపలి గాడిలో ఒండ్రుమట్టి ఉందేమో చూడండి. బయట ఎంత కడిగినా ఆ మట్టి అక్కడ దాక్కుంటుంది.

చివరగా, రబ్బరు చచ్చిపోయిందని తేలితే. ఆటోనగర్‌లో మీటర్ల లెక్కన కూడా దొరుకుతుంది. పాత ముక్క ఒకటి కోసి పట్టుకెళ్ళండి. గొట్టం లావు, రేకుని పట్టుకునే నోటి వెడల్పు, రెండూ కలవాలి. లావు ఎక్కువైతే డోర్ బాది బాది వేయాల్సి వస్తుంది. మీ మోడల్‌కి మూలలు అచ్చు పోసిన ఒరిజినల్ దొరికితే డబ్బు ఎక్కువైనా అదే వేయండి. బిగించేటప్పుడు అతుకు డోర్ కింద మధ్యలోకి రావాలి, పైన వస్తే వాన నీళ్ళకి దారి ఇచ్చినట్టే. సాగదీయకుండా రబ్బరు సుత్తితో తడుతూ ఎక్కించండి, సాగదీస్తే కొన్నాళ్ళకి ముడుచుకుని అతుకు విచ్చుకుంటుంది. రాత్రంతా డోర్లు మూసి ఉంచి, పొద్దున్నే ఆ కాగితం ముక్క మళ్ళీ పెట్టి లాగి చూడండి.