పడవల మధ్య ఖాళీ

మిత్రులారా, 2023 నవంబరు 19 రాత్రి మన చేపల రేవులో జరిగిన ప్రమాదం విశాఖవాసులు మరచిపోయేది కాదు. ఒక మరపడవలో రేగిన మంట, పక్కపక్కనే కట్టి ఉంచిన పడవలకు పాకింది. పదుల కుటుంబాల జీవనాధారం బూడిదైంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక మూల పుట్టిన తప్పు మొత్తాన్ని కూల్చేదీ ఇలాగే. ఆ పడవల్లాగే భాగాలన్నీ ఒకే మెమరీకి కట్టి ఉంటాయి. ఆ ముడి విప్పే బీమ్ గురించే ఈ రోజు నా మాట.

ఈ చిక్కును మొదట గట్టిగా పట్టించుకున్నది టెలిఫోన్ ఇంజనీర్లు. ఒక కాల్ తెగితే తెగవచ్చు, మిగతా వేల కాల్స్ తెగకూడదు. 1986 ప్రాంతంలో స్వీడన్‌లోని ఎరిక్సన్ పరిశోధనశాలలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషకు రూపమిచ్చారు. నేడు ఆ భాషలో రాసిన ప్రోగ్రాములను నడిపే వర్చువల్ మెషీన్, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన యంత్రం, పేరు బీమ్.

బీమ్‌లో ప్రాసెస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెస్ కాదు, బీమ్ తానే విడిగా నడిపే చిన్న పని. పుట్టినప్పుడు దానికి 3 కిలోబైట్ల లోపు చాలు, అందుకే లక్షల్లో పుట్టించవచ్చు. ప్రతిదానికీ సొంత హీప్ (డేటా దాచుకునే మెమరీ), సొంత చెత్త సేకరణ (అక్కర తీరిన మెమరీని ఖాళీ చేసే పని). ఒకటి మరొకదానికి సందేశం పంపితే బీమ్ దాన్ని కాపీ చేసి ఇస్తుంది. (64 బైట్లు దాటిన బైనరీలను, అంటే ముడి బైట్ల వరుసలను, మాత్రం పంచుకుంటుంది, వాటిని ఎవరూ మార్చలేరు కనుక ప్రమాదం లేదు.) కాపీ చేయడం ఖర్చు కదా అని విద్యార్థులు అడుగుతుంటారు. ఖర్చే. పడవల మధ్య ఖాళీ వదలడానికి అయ్యే ఖర్చు అది. నా దృష్టిలో బీమ్ గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఒక ప్రాసెస్ చనిపోతే దాన్ని కనిపెట్టుకుని ఉండే మరో ప్రాసెస్‌కు, అంటే దాని సూపర్‌వైజర్‌కు, కబురు అందుతుంది, అది కొత్తదాన్ని మొదలుపెడుతుంది. అలాగని అంతులేకుండా కాదు. మామూలు అమరికలో 5 సెకన్లలో ఒకసారికి మించి పునఃప్రారంభించాల్సి వస్తే సూపర్‌వైజరే తప్పుకొని, సమస్యను తన పైవాడికి అప్పగిస్తుంది.

ఒక్క హెచ్చరిక. సీ భాషలో రాసి బీమ్‌లోకి చేర్చిన కోడ్ కూలితే వర్చువల్ మెషీన్ మొత్తం పోతుంది. అక్కడ ఏ ఖాళీ ఉండదు.

బీమ్ నడిచే కంప్యూటర్ యంత్రమే పోతే? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మనల్ని అడిగిన ప్రశ్న ఇదే. రెండో యంత్రం ఉండాలి, అదీ వేరే ఊళ్లో ఉండాలి. ఇక్కడ బల్ల మీద రెండు యంత్రాలున్నాయి. మొదటిదాని నెట్‌వర్క్ తీగ ఇప్పుడు తీసేస్తున్నాను. మామూలు అమరికలో రెండోది ఆ సంగతి గమనించడానికి సుమారు ఒక నిమిషం పడుతుంది. ఈలోగా మీ మొదటి ప్రశ్న అడగండి.