ఆఫీసు డాలస్‌లో, ఉద్యోగి సియాటిల్‌లో: లీవు డబ్బు ఎవరిస్తారు?

(తెరపై: డాలస్ నుంచి సియాటిల్ దాకా గీత గీసిన అమెరికా మ్యాపు)

నమస్కారం. అమెరికాలో చిన్న కంపెనీ నడుపుతున్న మన తెలుగువాళ్ల కోసమే ఈ వీడియో.

డాలస్‌లో పది మందితో నడిచే ఐటీ కన్సల్టింగ్ కంపెనీ ఉందనుకోండి. భర్తకు ఉద్యోగం మారడంతో అందులో ఒకమ్మాయి ఏడాదిన్నర కిందట సియాటిల్ వెళ్లింది. అప్పటి నుంచి ఇంటి నుంచే పని. ఒకరోజు ఫోన్ చేసింది.

"సర్, పాప పుట్టింది. పెయిడ్ లీవ్‌కి అప్లై చేస్తే నా పేరు మీద పనిగంటలే లేవంటున్నారు."

ఓనరుగారికి మొదట పట్టుకునే టెన్షన్ ఒకటే: పన్నెండు వారాల జీతం నేనే ఇవ్వాలా? అక్కర్లేదండీ. ఆ డబ్బు సియాటిల్ ఉన్న వాషింగ్టన్ స్టేట్ నేరుగా ఆమెకే ఇస్తుంది. అందరి జీతాల్లోంచి కొంచెం కొంచెం పోగుచేసిన నిధి అది.

"మాది టెక్సాస్ కదా, ఇక్కడ అలాంటి పథకమే లేదు" అంటారు. నిజమే, లేదు. కానీ ఇక్కడ లెక్కలోకి వచ్చేది మీ ఆఫీసు అడ్రసు కాదు, ఆమె ఎక్కడ కూర్చుని పని చేస్తోందన్నది. యాభై మంది ఉంటేనే వర్తించే 1993 నాటి ఫెడరల్ చట్టం వేరు, అది జీతం లేని సెలవు. వాషింగ్టన్‌లో ఒక్కరు పని చేస్తున్నా మీరు ఆ స్టేట్ దగ్గర రిజిస్టర్ అవ్వాలి.

(తెరపై: పే స్టబ్ అంటే జీతం చీటీ, ఒక లైను మీద పసుపు రంగు)

ఈ లైను చూడండి. 2025లో ఆ నిధికి కట్టాల్సిన ప్రీమియం జీతంలో 0.92 శాతం ఉండేది. అందులో ఉద్యోగి వాటా 71.52 శాతం. యాభై మంది లోపు ఉన్న కంపెనీకి తన వాటా కట్టే పని లేదు, ఉద్యోగి వాటా పట్టుకుని కడితే చాలు. 2025 రేటున, నెలకు 8,000 డాలర్ల జీతం మీద ఉద్యోగి వాటా సుమారు 53 డాలర్లు. మీరు పట్టుకోవడం మర్చిపోయారా, తర్వాత ఆమె జీతంలోంచి తీసుకునే వీల్లేదు. ఆ భారం మీదే. ఏడాదికి 630 డాలర్ల పైమాటే.

నాకు డబ్బు కన్నా బాధనిపించేది మరొకటి. అర్హతకు ఆమె 820 గంటలు పని చేసినట్టు స్టేట్‌కు కనబడాలి. చేసింది కూడా. మీరు ఆమె గంటలు స్టేట్‌కు రిపోర్ట్ చెయ్యకపోవడం వల్ల పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని పాత పే స్టబ్‌ల కోసం వెతుక్కుంటోంది.

ఈ సెలవు పిల్లలు పుట్టినప్పుడే కాదు. అమ్మానాన్నలకు తీవ్రమైన జబ్బు చేసినా వర్తిస్తుంది. ఫెడరల్ చట్టంలో లేని అత్తమామలు, తాతయ్య, అమ్మమ్మ కూడా వాషింగ్టన్ చట్టంలో ఉన్నారు. మన ఇళ్లల్లో ఇది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు.

అన్ని స్టేట్లలో ఒకే పద్ధతి కాదు. 2004లో అందరికన్నా ముందు మొదలుపెట్టిన కాలిఫోర్నియాలో డబ్బంతా ఉద్యోగుల వాటాయే. న్యూయార్క్‌లో మీరే ఇన్సూరెన్స్ పాలసీ తీసుకోవాలి. మిన్నెసోటా, డెలావేర్‌లలో 2026 జనవరి నుంచి చెల్లింపులు మొదలు.

(తెరపై: క్యాలెండర్)

వాషింగ్టన్ రిపోర్టుల గడువులు ఏప్రిల్ 30, జూలై 31, అక్టోబర్ 31, జనవరి 31. జీతంతో పాటు గంటలు కూడా రాయాలి. ఈ వారమే మీ వాళ్లందరికీ ఒక మెయిల్ పెట్టండి: "ఇప్పుడు ఏ ఊళ్లో ఉండి పని చేస్తున్నారు?"