పునాది తవ్వకముందే ప్లాన్ బయటివాళ్లకి చూపించండి

యాంకర్: కావలి నుంచి కాలర్ ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం మేడమ్. మా వీధివాళ్లం చందాలేసుకుని కల్యాణ మండపం కట్టుకుంటున్నాం, 400 మంది పట్టేది. ప్లాన్‌లో ముందంతా అద్దాలే, చూస్తే కళ్లు చెదిరిపోతున్నాయి. మా తమ్ముడేమో సంబంధం లేని నిపుణులకి చూపించందే పునాది వద్దంటున్నాడు. మున్సిపాలిటీ పర్మిషన్ వచ్చాక ఇంకెందుకంటుంది కమిటీ. నాకు ఒకటే టెన్షన్.

ఆర్కిటెక్ట్: మీ తమ్ముడు సరిగ్గా చెప్పారమ్మా. మున్సిపాలిటీ చూసేది రూల్స్: ఎంత ఖాళీ వదిలారు, ఎత్తెంత, పార్కింగ్ ఉందా. మండపం వాడుకోవడానికి బాగుందా అన్నది వేరే లెక్క. అద్దాలు ఏ వైపు?

కాలర్: పడమర. రోడ్డు అటే.

ఆర్కిటెక్ట్: మే నెల పెళ్లికి మధ్యాహ్నం నుంచి ఎండంతా లోపలే ఉంటుంది. పైగా నెల్లూరు ప్రాంతంలో కట్టేవాటికి బిల్డింగ్ కోడ్‌లో లెక్కకి తీసుకోమన్న గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తుపానుకి ఆ అద్దాలు ఆగుతాయా అని లెక్క కట్టించారా? సరే, భోజనాలయ్యాక చేతులెక్కడ కడుక్కుంటారు?

కాలర్: వెనక, నాలుగు మెట్లు దిగి.

ఆర్కిటెక్ట్: తడి మెట్ల మీద ముసలివాళ్లు ఎలా ఎక్కి దిగుతారమ్మా? గీసినాయన సమర్థుడే కావచ్చు, కానీ రోజూ చూసే బొమ్మలో తప్పు ఎవరికీ కనపడదు. అందుకే ఢిల్లీలో 1973 చట్టంతో, కట్టడాల డిజైన్లు పరిశీలించే అర్బన్ ఆర్ట్ కమిషన్ పెట్టారు. ఇంగ్లండ్‌లో 1999లో 'కేబ్' అనే సంస్థ వచ్చింది, 2011లో దాన్ని డిజైన్ కౌన్సిల్‌లో కలిపారు. కేబ్ నిపుణులు డ్రాయింగులు చూసి సలహా రాసిచ్చేవాళ్లు, పర్మిషన్ ఇచ్చేది మాత్రం ఆ ఊరి కౌన్సిలే, అంటే మన మున్సిపాలిటీ లాంటిది.

కాలర్: మాకు అంత పెద్ద కమిషన్ ఎక్కడ దొరుకుతుంది మేడమ్?

ఆర్కిటెక్ట్: ముగ్గురు చాలు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైన ఆర్కిటెక్ట్ ఒకరు, స్ట్రక్చరల్ ఇంజినీర్ ఒకరు. మూడో మనిషిగా పెళ్లిళ్లకి వండే వంట మేస్త్రీని పిలవండి. పొగ ఎటు పోతుందో, గుండిగలు ఏ దారిన వస్తాయో అతనికి తెలిసినట్టు మాకు తెలీదు. వీళ్లెవరికీ ఈ కట్టుబడిలో పని రాకూడదు, కాంట్రాక్టరు బంధువులు కాకూడదు. ఇది ముఖ్యం. ఫీజు కూడా కమిటీయే ఇవ్వాలి, కాంట్రాక్టరు చేత ఇప్పించొద్దు.

కాలర్: ప్లాన్ గీసినాయన నొచ్చుకుంటాడేమో మేడమ్.

ఆర్కిటెక్ట్: ఆయన్ని పక్కనే కూర్చోబెట్టండి. వీళ్లు అడుగుతారు, ఆయన జవాబు చెప్తారు, మార్చి గీసేది కూడా ఆయనే. చెప్పినవన్నీ కాగితం మీద రాయించుకోండి. ఒప్పుకోనిదానికి కారణం ఆయన్నే రాయమనండి. మార్పులు ఎక్కువైతే ప్లాన్ మళ్లీ మున్సిపాలిటీకి చూపించాల్సి రావచ్చు, అయినా గోడ పగలగొట్టడం కంటే అదే నయం.

కాలర్: ఆదివారం కమిటీ మీటింగ్ ఉంది మేడమ్.

ఆర్కిటెక్ట్: వంట మేస్త్రీకి ఇవాళే ఫోన్ చెయ్యండమ్మా. ముహూర్తాల రోజుల్లో ఆయన దొరకడు.