వన్స్ మోర్ అనకండి

సభకు నమస్కారం. అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, పొద్దున్నుంచి పొంగలి గిన్నెల దగ్గర నిలబడి ఉన్న వాలంటీర్లకు, ముగ్గులు పెట్టిన పిల్లలకు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలకు, తాతయ్యలకు సంక్రాంతి శుభాకాంక్షలు. పేరుపేరునా చెప్పాలని చీటీ రాసుకొచ్చాను గానీ అది చదివితే నాకిచ్చిన పావుగంటా దానికే సరిపోతుంది. మన్నించండి.

నన్ను మాట్లాడమన్నది 2026 మార్చి 3న జరిగే టెక్సాస్ ప్రైమరీ గురించి, అంటే నవంబరు ఎన్నికకు ఒక్కో పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక గురించి. ఆ పని ముందు పూర్తి చేస్తాను. ఈ రాష్ట్రంలో ఓటరుగా నమోదయ్యేటప్పుడు మీది ఏ పార్టీ అని అడగరు. ప్రైమరీ రోజు మీరే ఏదో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకుంటారు, రెండూ ఇవ్వరు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరికీ మే నెలలో మళ్ళీ పోటీ. నమోదుకు ఆఖరి తేదీ ఫిబ్రవరి 2. మన చుట్టుపక్కల చాలా నియోజకవర్గాల్లో నవంబరులో ఎవరు గెలుస్తారన్నది మార్చిలోనే తేలిపోతుంది. కాబట్టి అసలు ఎన్నిక ఇదే అనుకోండి.

ఇక నేను చెప్పాలనుకున్నది చెప్తాను. ఇది కార్యవర్గం ఇచ్చిన అంశం కాదు.

2023 నవంబరు 8, బుధవారం. దీపావళికి నాలుగు రోజుల ముందు. స్నేహితుల ఇంట్లో ఆరేడు కుటుంబాలం చేరి రిపబ్లికన్ పార్టీ మూడో డిబేట్ చూస్తున్నాం. మయామీలో జరిగింది. అయిదుగురు అభ్యర్థుల్లో ఇద్దరి తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చినవాళ్ళు. నిక్కీ హేలీది అమృత్‌సర్ నుంచి వచ్చిన సిక్కు కుటుంబం, సౌత్ కరోలినాలో బాంబెర్గ్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. వివేక్ రామస్వామిది కేరళ పాలక్కాడు వైపు నుంచి వచ్చిన తమిళ కుటుంబం. మనవాళ్ళు ఇద్దరు ఒకే వేదిక మీద అధ్యక్ష పదవికి నిలబడ్డారని ఎంత సంబరపడ్డామో! పకోడీలు కూడా వేశాం.

టిక్‌టాక్‌ను నిషేధించాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. నిజానికి మంచి ప్రశ్న. పిల్లలున్న ప్రతి ఇంటికీ కావలసిన ప్రశ్న. దానికి రామస్వామి ఏమన్నాడు? పోయినసారి నేను టిక్‌టాక్‌లో చేరానని ఈవిడ ఎగతాళి చేసింది, ఈవిడ కూతురే చాలాకాలంగా అది వాడుతోంది, ఊరందరికీ చెప్పే ముందు మీ కుటుంబం సంగతి చూసుకోండి అన్నాడు. హేలీ "నా కూతురి పేరు నీ నోట రానివ్వకు" అంది. ఆ వెంటనే "స్కమ్" అంది. తెలుగులో చెప్పాలంటే నీచుడా అన్నట్టు.

అక్కడ హాల్లో జనం అతన్ని ఛీ కొట్టారు. వాళ్ళకు దండం పెడతాను. ఇక్కడ మా హాల్లో మాత్రం నవ్వారు. ఒకాయన "అబ్బ, భలే కొట్టాడు, వెనక్కి తిప్పండి, మళ్ళీ చూద్దాం" అని రిమోట్ అడిగాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. నూనె పొయ్యి మీద ఉందని చెప్పాను. పొయ్యి ఎప్పుడో ఆపేశాను.

ఎందుకు వెళ్ళిపోయానో ఇప్పుడు చెప్తాను. ఆ రోజు అక్కడున్నవాళ్ళు కొందరు ఇక్కడా ఉన్నారు. తప్పు పడుతున్నానని అనుకోకండి, వినండి.

2014లో, వేరే ఊళ్ళో, వేరే తెలుగు సంఘంలో నేను అధ్యక్ష పదవికి పోటీ చేశాను. నాతో పోటీ పడినాయన చదువుకున్నవాడు, పెద్దమనిషి. అభ్యర్థులిద్దరినీ వేదిక మీద కూర్చోబెట్టి సభ్యులు ప్రశ్నలు అడిగే కార్యక్రమం పెట్టారు. ఎవరో ఆడిటింగ్ గురించి అడిగారు. మూడేళ్ళుగా లెక్కలు చూపించలేదు, నేను గెలిస్తే బయటి ఆడిటర్‌ను పెడతానన్నాను. దానికాయన మైకు అందుకుని, "ఇంటిని చక్కదిద్దుకోలేని ఆవిడ సంఘాన్ని ఏం చక్కదిద్దుతుందండీ" అన్నాడు. మా అమ్మాయికి అప్పటికి ఆరు నెలల క్రితం విడాకులయ్యాయి. సభలో సగం మందికి తెలుసు. తెలియని సగానికి ఆ సాయంత్రం తెలిసింది.

చప్పట్లు పడ్డాయి. అందరూ కొట్టలేదు. కొందరు కొట్టారు, చాలామంది తలలు వంచుకున్నారు. మోడరేటర్ "తర్వాతి ప్రశ్న" అన్నారు. ఆడిటర్ మాట ఎటు పోయిందో ఎవరూ అడగలేదు.

మా అమ్మాయి అక్కడే ఉంది. నా కోసం కరపత్రాలు పంచడానికి వచ్చింది.

నేను ఓడిపోయాను. అది పెద్ద విషయం కాదు, ఎవరో ఒకరు ఓడాలి. మూడేళ్ళ తర్వాత ఈ ఊరొచ్చి ఇల్లు కొనుక్కుంటే ఆయన భార్యతో సహా గృహప్రవేశానికి వచ్చాడు. నాకు చీర పెట్టారు, పీటల మీద అక్షింతలు వేశారు. నేనూ పక్కనే నిలబడి నెయ్యి వడ్డించాను. పోటీలో అన్నదానికి ఏమనుకోకమ్మా అన్నాడు. సరే అన్నాను. మా ఇద్దరికీ అక్కడితో తీరిపోయింది. మా అమ్మాయికి తీరలేదు. ఆ తర్వాత ఉగాదికి గానీ, బతుకమ్మకు గానీ, ఏ తెలుగువాళ్ళ సభకూ అది రాలేదు. పదకొండేళ్ళు.

పెద్ద రాజకీయాల్లోనూ ఇదే చూస్తున్నాను. మొదటి డిబేట్ 2023 ఆగస్టులో మిల్వాకీలో, ఫైసర్వ్ ఫోరంలో జరిగింది. విదేశాంగంలో నీకు అనుభవం లేదు, అది కనిపిస్తూనే ఉంది అని హేలీ రామస్వామిని కడిగేసింది. అది విధానం మీద విమర్శ, దాన్ని నేను తప్పుపట్టను. సెప్టెంబరులో రెండో డిబేట్‌కు కాలిఫోర్నియాలోని సిమీ వ్యాలీకి వచ్చేసరికి, నీ మాట విన్న ప్రతిసారీ నా తెలివి కాస్త తగ్గుతోంది అంది. అది విధానం కాదు. అంటే ఆవిడా తక్కువ తినలేదు, న్యాయంగా చెప్పాలి కదా. నవంబరులో కూతురి ప్రస్తావన. డిసెంబరులో అలబామాలో అతను నోట్‌ప్యాడ్ మీద "నిక్కీ అంటే అవినీతి" అన్న అర్థంలో రాసి కెమెరాకు చూపించాడు. బదులిస్తావా అని అడిగితే, నా సమయం వృథా అంది. 2024 జూలైలో అదే మిల్వాకీ, అదే ఫైసర్వ్ ఫోరం, పార్టీ మహాసభ. ఇద్దరూ ఒకే రోజు ఒకే వేదిక ఎక్కి ఒకే నాయకుడికి, ట్రంప్‌కు ఓటేయమన్నారు. ఆ నాయకుడు ప్రైమరీలో హేలీని "బర్డ్‌బ్రెయిన్", అంటే పిట్టబుర్ర అని పిలిచినవాడే. 2016లో ప్రత్యర్థిగా నిలిచి ఆయన చేత "లిటిల్ మార్కో" అనిపించుకున్న మార్కో రూబియో ఈ రోజు ఆయన విదేశాంగ మంత్రి. అటు డెమోక్రాట్లవైపూ అంతే. 2019 జూన్‌లో మయామీలోనే కమలా హారిస్ బైడెన్‌ను స్కూలు బస్సుల విషయం మీద, అంటే నల్లజాతి, తెల్లజాతి పిల్లలు కలిసి చదివేలా బస్సుల్లో వేరే బడులకు పంపడం మీద నిలదీసింది. మరుసటి ఏడాదే ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థి అయింది. కానీ ఆమె మాట్లాడింది తన చిన్నతనం గురించి, ఆయన పాత ఓట్ల గురించి. ఆయన ఇంటి గడప తొక్కలేదు. ఆ తేడా చూడండి.

నాయకులు కలిసిపోతారు, కలిసిపోవాలి కూడా. మరి మధ్యలో పేరు లాగబడ్డ పిల్లల్ని ఏ మహాసభకు పిలుస్తారు?

ఇలా ఎందుకవుతోందని చాలా ఆలోచించాను. ప్రైమరీ అంటే ఒకే ఇంటివాళ్ళ పోటీ. పన్నుల్లో, చట్టాల్లో వాళ్ళ మధ్య తేడా గోరంత. మాటకు నిమిషం టైమిస్తారు. నీ పేరెత్తితే బదులు చెప్పడానికి నీకూ టైమిస్తారు, అంటే తిట్టుకు తిట్టే టైము తెస్తుంది. మొదటి డిబేట్‌లోకి రావాలంటే 40,000 మంది దాతలు, సర్వేల్లో 1 శాతం ఉంటే చాలు. నాలుగోదానికి 80,000 మంది, 6 శాతం కావాలి. ఎనిమిది మంది నలుగురయ్యారు. మిగలాలంటే జనం నోళ్ళలో నానాలి. పన్నుల పట్టిక నోళ్ళలో నానదు కదండీ.

మా నాన్నగారు పద్యనాటకాల పిచ్చి మనిషి. తెనాలిలో చిన్నప్పుడు నన్ను వెంట తీసుకెళ్ళేవారు. కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే వెనక బెంచీల నుంచి "వన్స్ మోర్!" అని కేకలు. నటుడు మళ్ళీ అందుకుని ఇంకాస్త రాగం తీసేవాడు. మళ్ళీ వన్స్ మోర్. కథ అక్కడే ఆగిపోయేది. తెల్లవారుజాము దాకా యుద్ధం మొదలయ్యేది కాదు. నాన్నగారు అనేవారు, "రాగం తీసేది వాడు కాదే, మనమే తీయిస్తున్నాం" అని. రిమోట్ అడిగినాయన నోట నాకు ఆ కేకే వినిపించింది.

1948లో, మే 17న, ఆరెగన్ ప్రైమరీ కోసం డ్యూయీ, స్టాసెన్ అనే ఇద్దరు రిపబ్లికన్లు పోర్ట్‌లాండ్‌లో రేడియోలో వాదించుకున్నారు. గంటసేపు ఒకటే ప్రశ్న: కమ్యూనిస్టు పార్టీని నిషేధించాలా వద్దా? చప్పట్లు కొట్టే జనం ఎదురుగా లేరు. భావాలను తుపాకీతో కాల్చలేం అన్నాడు డ్యూయీ. వద్దన్న ఆయనే అక్కడ గెలిచాడు. టిక్‌టాక్ మీద అలాంటి గంట మనకు దొరికి ఉంటే!

వచ్చే నెల మన సంఘం ఎన్నికలు. అధ్యక్షుల వారిని సభాముఖంగా అడుగుతున్నాను, దయచేసి వినండి. అభ్యర్థుల సభలో ఎదుటివాళ్ళ ఇంటి మాట ఎత్తితే మైకు ఆపేయండి. ఆపేసి, అడిగిన ప్రశ్నే మళ్ళీ అడగండి. "తర్వాతి ప్రశ్న" అనకండి. ఆ రోజు మా మోడరేటర్ "ఆడిటర్ సంగతి చెప్పండి" అని ఒక్క మాట అని ఉంటే చాలు, నేను బతికిపోయేదాన్ని. మా అమ్మాయి కరపత్రాలు పంచుకుంటూ ఉండేది. కింద కూర్చున్నవాళ్ళకూ దండం పెడుతున్నాను. చప్పట్లు కొట్టకండి. తల కూడా వంచుకోకండి. ఆ తలలు నాకు చప్పట్ల కన్నా ఎక్కువ గుర్తున్నాయి. ఒక్కరు లేచి "అది అడగలేదండీ" అనండి. ఎవరంటారు? చెయ్యెత్తండి. చూస్తాను… ఇంకా… పిల్లలే ఎక్కువ ఎత్తారు. సరే. దించండి.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ఒక్క మాట. ఓటరు నమోదు ఫారాలు గుమ్మం పక్కన ముగ్గు దగ్గరున్న బల్ల మీద ఉన్నాయి. ఫారాలు తీసుకోవడానికి కౌంటీ అనుమతి ఉన్న వాలంటీరు అక్కడే కూర్చుని ఉంది. పూర్తిచేసి ఆమె చేతికే ఇవ్వొచ్చు. ఆకుపచ్చ చీర. మా అమ్మాయే.