పుట్టిన చోటు లెక్క

శ్రోతలకు నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో మా వీధి చివర ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులు ఉంటారు. నెలకోసారి పొద్దున్నే పేపరు పక్కనపెట్టి ఫోను పట్టుకుని కూర్చుంటారు. అమెరికా విదేశాంగ శాఖ ప్రతినెలా వెలువరించే వీసా బులెటిన్ కోసం. ఏ తేదీ వరకు పడిన దరఖాస్తులకు వంతు వచ్చిందో అందులో ఉంటుంది. "డేటు కదిలిందా మాస్టారూ?" అని అడిగితే ఒకసారి "మూడు వారాలు జరిగిందండీ" అంటారు, మరోసారి "వెనక్కి పోయిందండీ" అంటారు. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారా అని చూసే రైతుకైనా ఒక తేదీ చెబుతారు. అమెరికాలో శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్‌కార్డుకు కొడుకు దరఖాస్తు పడి పుష్కరం దాటినా ఈయనకు అదీ లేదు.

ఉద్యోగాల ఆధారంగా అమెరికా ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. ఈ సంఖ్య 1990 నాటి చట్టంలోది. అప్పటికి మన ఇళ్లలో కంప్యూటర్ అన్న మాటే కొత్త. భార్యాపిల్లలూ ఈ లెక్కలోకే వస్తారు కనుక ఇద్దరు పిల్లలున్న ఒక్క ఇంజనీరుకు నాలుగు కార్డులు ఖర్చవుతాయి. పైగా ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా ఏడు శాతమే, అంటే 9,800. ఇతరులు వాడుకోక మిగిలితే తప్ప అంతకు మించి దక్కవు. 140 కోట్ల భారతదేశానికీ అంతే, సుమారు నాలుగు లక్షల మంది ఉన్న ఐస్‌లాండ్‌కూ అంతే. మన గుంటూరు నగరమే అంతకంటే పెద్దది!

ఈ వరుసలో పౌరసత్వం కూడా చూడరు, పుట్టిన చోటే చూస్తారు. తెనాలిలో పుట్టి కెనడా పౌరుడైనవాడూ భారతీయుల వరుసలోనే నిలబడాలి. భార్య సింగపూర్‌లో పుట్టి ఉంటే మాత్రం ఆమె దేశం లెక్కలో చేరవచ్చు. పెళ్లిచూపుల్లో జాతకంతో పాటు ఇదీ అడగాలేమో.

1946లో భారతీయులకు అమెరికా కేటాయించిన కోటా ఏడాదికి వంద. జాతీయతను బట్టి ఇచ్చే ఆ కోటాలను రద్దుచేస్తూ 1965లో అధ్యక్షుడు జాన్సన్ స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర సంతకం చేశారు. పుట్టిన దేశం లెక్క మాత్రం మరో రూపంలో చట్టంలోనే ఉండిపోయింది. దాన్ని తొలగించే బిల్లును 2019లో ప్రతినిధుల సభ 365-65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ తన సవరణలతో ఆమోదించింది. రెండింటికీ పొత్తు కుదరక అది మురిగిపోయింది.

ఆ పరిమితి ఒక్కటే తీసేస్తే మన వరుస తగ్గి ఇతర దేశాలవారి వరుస పెరుగుతుందనే అభ్యంతరం ఉంది. అందులో న్యాయం లేకపోలేదు. అందుకే ముందు భార్యాపిల్లలను ఆ 1,40,000 లెక్కలోంచి తీసేయాలంటాను. ఉన్న కార్డులే ఎక్కువమంది ఉద్యోగులకు అందుతాయి, ఆ తర్వాత దేశాల పరిమితి ఎత్తేసినా ఇతరులకు పడే దెబ్బ తక్కువ. బయటివాళ్ల వల్ల జీతాలు పడిపోతాయని అక్కడివారి బాధ. ఉద్యోగం మారితే దరఖాస్తు ఏమవుతుందోనని భయపడేవాడు జీతం పెంచమని ఎలా అడుగుతాడు? ఆ భయం తీరిస్తే వారికీ మేలే.

మాస్టారి మనవడు మూడేళ్ల వయసులో గుంటూరు నుంచి వెళ్లాడు. చెల్లెలు డల్లాస్‌లో పుట్టింది, పుట్టుకతోనే పౌరురాలు. 21 ఏళ్లు నిండితే సాధారణంగా పిల్లల పేరు తండ్రి దరఖాస్తులోంచి పోతుంది. ఆ తర్వాత విద్యార్థి వీసా వంటిది వెతుక్కోవాలి, లేదా తెలుగు చదవడం కూడా రాని ఆ కుర్రవాడు ఇక్కడికి రావాలి.

ఈ నెల డేటు కదలలేదు. మనవడి ఇరవై ఒకటో పుట్టినరోజుకు ఇంకా పద్నాలుగు నెలలుందని మాస్టారు చెప్పారు.