తలుపులోకి నీళ్లు రావాలి, కారులోకి రాకూడదు

[మొదట ఒక శబ్దం: ఏదో డబ్బాలో నీళ్లు కదులుతున్నట్టు, గలగలా]

హోస్ట్: మీరు విన్నది కొబ్బరిబోండం కాదండి, నా కారు తలుపు. తెరిచి అటూ ఇటూ ఊపితే ఇలా మోగుతోంది. ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, కారు పక్కనే నిలబడి రికార్డు చేస్తున్నాం. మధ్యలో హారన్లు వినిపిస్తే సర్దుకోండి. నాతో ఉన్న అన్న చాలా ఏళ్లుగా కార్ల లోపలి పని చేస్తున్నారు. సీట్లు, కార్పెట్లు, తలుపులు, అద్దాలు. అన్నా, నమస్తే.

మెకానిక్: నమస్తే అమ్మా. ముందు ఆ తలుపు ఊపడం ఆపండి. లోపల వైర్లు ఉన్నాయి.

హోస్ట్: ఆపేశా. సరే, నా కథ రెండు ముక్కల్లో చెప్తా. పోయిన వానాకాలం నుంచి కారులో ఒకటే ముక్కిపోయిన వాసన. పెర్‌ఫ్యూమ్ పెట్టా, పోలేదు. ఆ తర్వాత పొద్దున్నే అద్దాలన్నీ లోపలి వైపు మసకలు. ఏసీ పాడైందనుకున్నా. చివరికి ఒకరోజు మ్యాట్ ఎత్తి కింద చెయ్యి పెడితే కార్పెట్ పిండితే కారేంత తడి.

మెకానిక్: అందరిదీ ఇదే వరస. ముందు వాసన, తర్వాత మసక, నీళ్లు కంటబడేది ఆఖర్న. పైన మ్యాట్ రబ్బరుది కాబట్టి పొడిగానే ఉంటుంది, అడుగున మాత్రం చెరువు. ఆ నీళ్లు ఎప్పుడు వస్తున్నాయో గమనించారా?

హోస్ట్: వాన పడితేనే.

మెకానిక్: మంచిది. అది తెలిస్తే సగం పని అయినట్టే. ఎండలో కూడా, ఏసీ వేసుకుని తిరిగాక ముందు సీటు కాళ్ల దగ్గర తడి వస్తోందంటే అది తలుపు కాదు. ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు మూసుకుపోయి లోపలికి పొర్లుతున్నాయన్నమాట. వేలికి జిడ్డుగా తగిలి, తియ్యటి వాసన వస్తే అది హీటర్ దగ్గర నుంచి కారే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. దాన్ని తలుపు బీడింగ్, అదే చుట్టూ ఉండే రబ్బరు, మార్చి ఆపాలని చూసినవాళ్లున్నారు, నవ్వకండి.

హోస్ట్: నవ్వట్లేదు, నేనూ బీడింగ్ మార్పించా.

మెకానిక్: అయ్యో. తగ్గిందా?

హోస్ట్: తగ్గలేదు. అప్పుడు ఇంకో చోటికి తీసుకెళ్తే, వాళ్లు తలుపు అడుగున పొడుగునా ఏదో తెల్లటి మైనం లాంటిది పూసి, "ఇంక చుక్క రాదు" అన్నారు. ఆ తర్వాతే ఈ గలగల మొదలైంది.

మెకానిక్: వంగి చూస్తా ఉండండి... ఊఁ. సిలికాన్ బంక. అమ్మా, వీళ్లు నీళ్లు వచ్చే దారి మూయలేదు, పోయే దారి మూశారు.

హోస్ట్: అంటే?

మెకానిక్: ఇక్కడే అందరూ పొరబడతారు. కారు తలుపంటే నీళ్లను అడ్డుకునే గోడ అనుకుంటారు. కాదు. తలుపులోకి నీళ్లు వచ్చేలాగే దాన్ని తయారు చేస్తారు. ఈ అద్దం చూడండి, కిందికీ పైకీ తిరగాలి కదా? దాన్ని ఆనుకుని బయటి వైపు ఈ రబ్బరు పట్టీ ఉంది. ఇది అద్దాన్ని తుడుస్తుందే తప్ప బిరడాలా మూయలేదు. గట్టిగా మూస్తే అద్దం కదలదు. కాబట్టి వాన పడ్డప్పుడల్లా అద్దం మీద జారిన నీళ్లలో కొన్ని ఈ పట్టీ దాటి తలుపు డొల్లలోకి దిగుతాయి. కొత్త కారులో కూడా అంతే.

హోస్ట్: అవి అక్కడ ఏం చేస్తాయి?

మెకానిక్: రేకు లోపలి వైపు జారి అడుగుకి చేరి, తూముల్లోంచి కింద పడిపోతాయి. తలుపు అడుగు అంచున చిన్న చిన్న సందులుంటాయి, ఒక్కో తలుపుకి 2, 3, కొన్నిటికి ఇంకా ఎక్కువ. వాన వెలిశాక ఆగి ఉన్న కారు తలుపుల కింద చుక్కలు పడుతుంటే భయపడక్కర్లేదు. చుక్కలు పడకపోతే అనుమానించాలి.

హోస్ట్: నా తలుపు తూములకి సిలికాన్ పూసేశారు.

మెకానిక్: అవును. ఆ నీళ్లలోనే అద్దం మోటారు, స్పీకరు, లాకు ఉన్నాయి. అన్నిటికన్నా చెడ్డది ఈ అంచు. బయటి రేకుని లోపలి రేకు మీదికి మడత పెట్టిన చోటు ఇది. తుప్పు ఇక్కడే పుడుతుంది, లోపలి నుంచి. బయట పెయింటు బుడగ లేచే సరికి లోపల రేకు తినేసి ఉంటుంది. ఆ సన్నటి చెక్క పుల్ల ఇలా ఇవ్వండి. స్క్రూడ్రైవర్ వద్దు, లోపలి పూత గీరుకుపోతుంది.

[గీకుతున్న చప్పుడు. ఒక్కసారిగా నీళ్లు నేల మీద పడిన శబ్దం]

హోస్ట్: అమ్మో! అన్నా, కాళ్లు! వింటున్నవాళ్లకి చెప్తున్నా, తలుపులోంచి కుళాయి తిప్పినట్టు పడుతున్నాయి. మట్టి రంగులో. ఆకు ముక్కలు కూడా ఉన్నాయి.

మెకానిక్: కానివ్వండి, పూర్తిగా పోనిద్దాం. సిలికాన్ పూయకపోయినా, చెట్ల కింద ఆపే కార్లకి ఆకులూ దుమ్మూ చేరి ఇలాగే మూసుకుంటాయి. వానాకాలం ముందర ఒకసారి పుల్లతో కదిపితే చాలు.

హోస్ట్: కానీ సిలికాన్ రాయకముందు కూడా లోపల తడిసింది కదా. అప్పుడు తూములు బాగానే ఉన్నాయి.

మెకానిక్: నేనూ అదే అడగబోతున్నా. ఆ వాసన మొదలవకముందు ఈ తలుపు ఎవరైనా విప్పారా? అద్దం మోటారు, లాకు, ఏదైనా?

హోస్ట్: స్పీకర్లు మార్పించా.

మెకానిక్: ఇంకేం! డోర్ ప్యాడ్, అంటే తలుపు లోపలి వైపు ఉండే ఈ పలక, విప్పుదాం. కంగారు పడకండి, పొద్దున్న బ్యాటరీ తీగ తీయించాను కదా, అందుకే. కొన్ని కార్లకి తలుపులో ఎయిర్‌బ్యాగ్‌కి సంబంధించిన సెన్సర్లు ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్ వైర్లకి మామూలుగా పసుపు కనెక్టర్లు వస్తాయి. బ్యాటరీ తీసి, కారు మాన్యువల్‌లో ఎంతసేపు ఆగమంటే అంతసేపు ఆగకుండా వాటి జోలికి పోకూడదు. ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్లకి చెప్తున్నా.

హోస్ట్: హ్యాండిల్ వెనక ఒక స్క్రూ, కింద ఒకటి... ఇది ఇంత సులువా?

మెకానిక్: స్క్రూలు దాక్కుని ఉంటాయి. చిన్న ప్లాస్టిక్ మూతల కింద చూడాలి. అన్నీ తీశాక చుట్టూ క్లిప్పులు. ప్లాస్టిక్ పట్టీతో ఒక్కోటీ లేపాలి. చేత్తో లాగితే...

[టప్ మని శబ్దం]

మెకానిక్: ...ఇలా విరుగుతాయి. పర్లేదు, ఒకటే.

హోస్ట్: ప్యాడ్ వచ్చేసింది. లోపల ఒక ప్లాస్టిక్ కాగితం ఉంది. ప్యాకింగ్‌ది తీయడం మర్చిపోయారా?

మెకానిక్: సరిగ్గా ఇలా అనుకునే కొందరు చించి పారేస్తారు! అమ్మా, మీ కారు లోపలికీ వాననీళ్లకీ మధ్య ఉన్న అసలు గోడ ఇదే, ఈ పల్చటి కాగితం. తలుపు డొల్లలో జారే నీళ్లు రేకుకున్న ఈ పెద్ద కంతల్లోంచి ఇటు రాకుండా ఇదే ఆపుతుంది. చుట్టూ నల్లటి బంక కనిపిస్తోందా? దాన్ని బ్యూటైల్ అంటారు. ఎండకి అంత తొందరగా గట్టిపడదు, ఏళ్ల తరబడి జిగటగానే ఉంటుంది. మీ స్పీకరు చుట్టూ చూడండి ఇప్పుడు.

హోస్ట్: బ్లేడుతో కోసేశారు. ఇంత వెడల్పున. కింద మూల బంక వదిలి వేలాడుతోంది.

మెకానిక్: తిరిగి అంటించేటప్పుడు అడుగు అంచు వదిలేశారు. ఆ నీళ్లన్నీ కాగితం వెనక జారి, ఈ మూల దాటి, ప్యాడ్ వెనకగా దిగి, గుమ్మం మీంచి కార్పెట్ కిందికి పోయాయి. బీడింగ్‌కి ఏ సంబంధం లేదు. మీరు దాన్ని పది సార్లు మార్చినా ఈ తడి ఆగేది కాదు, ఎందుకంటే ఆ నీళ్లు బీడింగ్‌కి లోపలి వైపు నుంచి వస్తున్నాయి.

హోస్ట్: ఒక్క నిమిషం అన్నా, నాకు కోపం వస్తోంది. ఇన్ని నెలలు, ఇంత ఖర్చు, ఈ కాగితం ముక్క కోసమా?

మెకానిక్: కోపం తర్వాత. దీన్ని మార్చే పద్ధతి చెప్తా. చిన్న చిరుగైతే బ్యూటైల్ టేపుతో అతుకు వేయొచ్చు. మీది ఎక్కువ చిరిగింది, కొత్తది వేద్దాం. కంపెనీది దొరక్కపోతే మందపాటి ప్లాస్టిక్ షీటు మీద పాతది పరిచి, అదే కొలతకి కత్తిరించుకోవచ్చు. రేకు తుడిచి, పూర్తిగా ఆరాక కొత్త బ్యూటైల్ తాడు తెగకుండా చుట్టూ పెట్టి నొక్కాలి. ఒకటి మాత్రం మర్చిపోకూడదు. చాలా కార్లలో షీటు అడుగు అంచుని రేకులోని సందులోంచి తలుపు లోపలికి దోపుతారు. పెంకుటింటి పై పెంకు కింది పెంకు మీదికి వాలినట్టు, షీటు మీద పడ్డ నీళ్లు తిరిగి డొల్లలోకే జారాలి.

హోస్ట్: సిలికాన్‌తో అంటిస్తే ఇంకా గట్టిగా ఉండదా?

మెకానిక్: గట్టిగా ఉంటుంది, అదే బాధ. రేపు మోటారు పాడై మళ్లీ విప్పితే షీటు ముక్కలవుతుంది. పైగా వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఉంది చూశారా, అది ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, రేకుకి మంచిది కాదు.

హోస్ట్: మరి బీడింగ్ అసలు పాడవ్వదా? వినేవాళ్లలో నిజంగానే అదే సమస్య ఉన్నవాళ్లు ఉంటారు.

మెకానిక్: ఎందుకు పాడవదు. ఎండకి నొక్కుకుపోయి లేవదు, మూలల్లో చిరుగుతుంది. ఒక కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగండి. బిగువుగా వస్తే మంచిదే, జారిపోతే అక్కడ పట్టు లేదు. చుట్టూ నాలుగైదు చోట్ల చూడాలి. అంతా వదులుగా ఉంటే బీడింగ్. పైన ఒక మూలే వదులుగా ఉంటే తలుపు కిందికి జారిందేమో చూడండి. తలుపు తెరిచి, చివర పట్టుకుని పైకెత్తితే కీలు దగ్గర లొడలొడమంటుంది. అప్పుడు కొత్త రబ్బరు వేసినా దండగే, కీలు చూడాలి. ఇంకో మాట, గుమ్మం మీది ప్లాస్టిక్ పట్టీని ఎవరైనా తీసి బిగిస్తే, బీడింగ్ దాని కింద నలిగి ఉండొచ్చు. వేలితో తడిమితే తెలిసిపోతుంది.

హోస్ట్: రబ్బరుకి ఏదైనా రాయాలా?

మెకానిక్: సిలికాన్ గ్రీజు పల్చగా. గుర్తుంచుకోండి, గ్రీజు, అతికించేది కాదు. పెట్రోలు, డీజిలు, ఇంజిన్ ఆయిలు పూస్తే మొదట నిగనిగలాడుతుంది, తర్వాత ఉబ్బి సాగిపోతుంది.

హోస్ట్: షీటు వేశాక ఆగిందో లేదో ఎలా తెలుస్తుంది? వాన కోసం ఎదురు చూడాలా?

మెకానిక్: ప్యాడ్ బిగించకముందే చూసేయాలి. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట గొట్టంతో. నీళ్లు మెల్లగా పారాలి, జెట్టు కొట్టకూడదు. ఆ ఒత్తిడికి బాగున్న రబ్బరు కూడా దారి ఇచ్చేస్తుంది, లేని లీకు కనిపిస్తుంది. కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ముందే పైన పోస్తే కిందంతా తడిసి, ఎక్కడ మొదలైందో తెలియదు. ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగాలి. తొందరపడితే లీకు బయటపడదు.

హోస్ట్: తడి ఉన్నచోటే లీకు అనుకోవచ్చా?

మెకానిక్: అనుకోవద్దు. కారు ఏటవాలుగా ఆపితే నీళ్లు వెనక సీటు దాకా పారతాయి. సన్‌రూఫ్ ఉన్నవాటికి మామూలుగా దాని నాలుగు మూలల నుంచి సన్నటి గొట్టాలు, కారు పైకప్పుని మోసే స్తంభాల్లోంచి దిగుతాయి. అవి మూసుకుపోయినా తడి తలుపు దగ్గరే కనిపిస్తుంది. ముందద్దం కింద వైపర్ల దగ్గర ఆకులు పేరుకున్నా అంతే.

హోస్ట్: కార్పెట్ మాత్రం ఆరిపోయింది అన్నా. నాలుగు రోజులు తలుపులు తెరిచి ఎండలో పెట్టా.

మెకానిక్: పైది ఆరింది. అంచు కొంచెం ఎత్తండి... ఇంకా. ఆ కింద మందంగా ఉన్న ఫోమ్ నొక్కండి.

హోస్ట్: ఛీ. చల్లగా, తడిగా... స్పాంజిలా ఉంది.

మెకానిక్: స్పాంజే అది. లీటర్ల కొద్దీ నీళ్లు దాచుకుంటుంది. పైన కార్పెట్ మూత వేసినట్టు ఉంటుంది కాబట్టి ఎండ దానికి తగలదు. మీ ముక్కిపోయిన వాసనా, అద్దాల మసకా ఇక్కడి నుంచే. సీట్లు విప్పి, కార్పెట్ మొత్తం లేపి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాలి. తొందరగా అవ్వాలంటే నీళ్లు పీల్చే వాక్యూమ్ ముందు పెట్టాలి. సీటు కింద వైర్లుంటాయి, వాటి పిన్నులకి ఆకుపచ్చ పొడి పట్టిందేమో చూడాలి. కొన్ని కార్లకి కంట్రోల్ యూనిట్, అంటే కారు ఎలక్ట్రానిక్స్‌ని నడిపే పెట్టె, కూడా కార్పెట్ కిందే ఉంటుంది. అది తడిస్తే ఈ షీటు ఖర్చు లెక్కలోకే రాదు.

హోస్ట్: నాకు టెన్షన్ పెట్టకండి. నా కారులో ఉందా అది?

మెకానిక్: చూద్దాం. ముందు సీటు బోల్టులు విప్పాలి, స్పానర్ తెస్తా. ఈలోపు మిగతా మూడు తలుపులు కూడా ఒకసారి ఊపి వినండి.

హోస్ట్: ఊపొద్దన్నారుగా!

మెకానిక్: మెల్లగా.

[తలుపు తెరిచిన చప్పుడు. కాసేపు నిశ్శబ్దం. సన్నగా గలగల]

హోస్ట్: అన్నా... వెనక ఎడమది కూడా. ఆ పుల్ల ఎక్కడ పెట్టారు?