డోలు నడకకు గీతలు గీయకండి

సభకు నమస్కారం. పెద్దలందరినీ పేరుపేరునా పిలవాలి, సమయం తక్కువ, మన్నించండి.

ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చెప్పమన్నారు. గొంతు రికార్డు చేసి, అక్కర్లేని ముక్కలు తీసేయడానికి ఆడాసిటీ చాలు, ఉచితం. గ్యారేజ్‌బ్యాండ్ కూడా ఉచితమే, కానీ ఆపిల్ యంత్రం ఉండాలి. ఫ్రూటీలూప్స్‌గా మొదలైన ఎఫ్ఎల్ స్టూడియో బీట్లు అల్లడంలో దిట్ట. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లన్నీ ఉచితం. అయితే దాని ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు, కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి! రీపర్‌ను 60 రోజులు అన్ని సదుపాయాలతో వాడి చూడవచ్చు. వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు.

ధరల మాట ఇక్కడితో ఆపుతాను. నన్ను తొలిచేది వేరే ఉంది.

మా ఊరి ఒగ్గు కళాకారుడిని ఒక స్టూడియోకు తీసుకువెళ్లాను. మల్లన్న కథ పాడాలి. హెడ్‌ఫోన్లు తగిలించి, చెవిలో నిమిషానికి 120 బీట్ల క్లిక్, అంటే లయ చెప్పే టిక్‌టిక్ శబ్దం, పెట్టారు. ఒగ్గు కథలో డోలు ఒకే వేగంతో నడుస్తుందా? మాట దగ్గర నెమ్మదిస్తుంది, యుద్ధం దగ్గర ఉరుకుతుంది, వంతపాడేవారు అందుకునే చోట లిప్తపాటు ఆగుతుంది. ఆయన కాసేపటికే హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. అయినా వాళ్లు వదల్లేదు. ఆ తర్వాత ప్రతి దెబ్బనూ మౌస్‌తో, తెర మీద ఆ క్లిక్‌ను చూపే నిలువు గీతల మీదకు జరిపారు. ఆయనకు వినిపిస్తే, “ఇది ఎవరు వాయించారు బిడ్డా?” అని అడిగారు.

చెప్పండి, ఆ పెద్దమనిషికి నేను ఏమని జవాబివ్వాలి?

అందుకే నేను రీపర్ వైపు నిలబడతాను. క్లిక్ లేకుండా పాడనివ్వండి. ముక్కలను గీతలకు అతికించే ‘స్నాప్’ ఆపేయండి. ముక్కలు దేన్నిబట్టి నిలవాలో చెప్పే ప్రాజెక్టు టైమ్‌బేస్‌ను ‘టైమ్’కు మార్చండి, లేకపోతే వేగం మార్చినప్పుడు రికార్డయిన ముక్కలే కదిలిపోతాయి. ఆ తర్వాత ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, మొదలయ్యే దెబ్బ దగ్గరల్లా అక్కడి వేగాన్ని చెప్పే టెంపో మార్కర్ వేస్తూ వెళ్లండి. గీతలే డోలు వెంట నడుస్తాయి. వేరే వాయిద్యం కలిపినా ఆ నడకలోనే కూర్చుంటుంది. ఓపిక కావాలి, నిజమే. ఆయన ఆ విద్య నేర్చుకోవడానికి పెట్టిన ఓపికలో ఇది ఎంత?

అసలు రికార్డింగును మాత్రం చెరపకండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ నాణ్యతతో మోనోలో, అంటే ఒకే ఛానెల్‌లో, గంట కథ సుమారు 520 ఎంబీ, అంతే.

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లేవాళ్లు ఎవరెవరు? చేతులెత్తండి. రికార్డరు పట్టుకెళ్లండి. ముందు కళాకారుల అనుమతి అడగండి, పారితోషికం ఇవ్వండి. ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు ఉండండి, సభ ముగిశాక ఆ మార్కర్లు ఎలా వేయాలో ఇక్కడే కూర్చుని చూపిస్తాను.